ఊరికే వచ్చే సరుకుకి బేరం

ఆ రోజుల్లో మా ఇంట్లో ప్రతి వస్తువుకీ రెండు ధరలుండేవి. ఒకటి చెప్పేది, రెండోది ఇచ్చేది. ఈ రెండింటికీ మధ్య మిగిలే కాస్త జాగాలోనే మా కుటుంబమంతా కాపురం చేసేది. బొబ్బిలి బజారులో మాది స్టీలు సామాన్ల కొట్టు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నేను విన్న మాటల్లో సగం బేరాలే. ఒకటో తరగతిలో మాస్టారు పదిలోంచి మూడు తీసెయ్యమంటే, "మూడెందుకండీ, రెండు తీసుకోండి" అన్నానని మా అమ్మ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది (నాకు గుర్తు లేదు గానీ అనే ఉంటాను). జ్వరం వస్తే డాక్టరు గారి దగ్గర మాత్రలు తగ్గించమని బేరం, గుళ్ళో దేవుడి దగ్గర కొబ్బరికాయలు తగ్గించమని బేరం. అలాంటి నాకు బేరమనేదే పనికిరాని సరుకొకటి చేతికొచ్చి, దాన్ని అమ్మబోయి నేను పడ్డ పాట్లు తలుచుకుంటే ఇవాళ నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం రాలేదు.

దానికి ముందు మా నాయనమ్మ గురించి చెప్పాలి. కొట్టు మా నాన్నది, గల్లాపెట్టె మా నాన్నది, కానీ చట్టం మాత్రం నాయనమ్మది. గుమ్మం పక్కన పీట వేసుకుని కూర్చుని, బేరం ఓ కొలిక్కి రాగానే ఆవిడ ఒకే ఒక్క మాట అడిగేది: "కాయమేనా?" (పుస్తకాల్లో 'ఖాయం' అని రాస్తారు గానీ ఆవిడ నోట్లో అంత ఒత్తు పలికేది కాదు.) కొనేవాడు "కాయం" అన్నాడా, ఇంక అయిపోయినట్టే. ఆ తర్వాత అతను ఒక్క రూపాయి తగ్గించమనకూడదు, మేమొక్క రూపాయి పెంచకూడదు. ఒకసారి మా నాన్న పరధ్యానంలో పెద్ద డేగిసాకి చిన్న డేగిసా ధర చెప్పేశాడు. కొనేవాడు క్షణం ఆలస్యం చెయ్యకుండా కాయమన్నాడు. నాన్న నాలిక కరుచుకున్నాడు గానీ నాయనమ్మ డేగిసా తుడిచి అతని చేతిలో పెట్టింది. ఆ వారం మా ఇంట్లో కూరల్లో నూనె తగ్గింది గానీ మాట తగ్గలేదు.

నేను విజయనగరంలో కంప్యూటర్ల డిగ్రీ పూర్తి చేసుకుని ఇంటికొచ్చేసరికి మా కొట్టు పక్క గది ఖాళీ అయింది. అంతవరకూ అందులో పాత ఇత్తడి, అట్టపెట్టెలు ఉండేవి. ఆ గదిలో కంప్యూటరు పెట్టుకుని, ఊళ్ళోవాళ్ళ కంప్యూటర్లు బాగుచేసిపెట్టి, నాదంటూ ఒక కొట్టు నడుపుకోవాలని నా కోరిక. ఉద్యోగానికి పోతే ఒకడు చెప్పిన జీతానికి పనిచెయ్యాలి, అది నా రక్తంలో లేదు. అయితే అదే గది మీద మా మేనత్త కొడుక్కి కూడా కన్నుంది. బావకి సెల్‌ఫోన్ రీచార్జి కొట్టు పెట్టాలని. "ఒలే, కంప్యూటర్లు ఊర్లో ఎన్నున్నాయే? సెల్లు లేనోడెవుడైనా ఉన్నాడేటి? గది నాకొగ్గీసి నువ్వు పెళ్ళి సేసుకో," అన్నాడు. నాన్న వ్యాపారస్థుడు కాబట్టి ఇద్దరిలో ఎవరికీ లేదనలేదు. "దసరా దాకా సెరో బల్ల ఏసుకోండి. ఎవులి బల్ల కాడ జనం నిలబడితే ఆళ్ళదే గది," అన్నాడు. గది ఊడ్చుకోవడం, కరెంటు కట్టుకోవడం మాత్రం మా ఇద్దరి వంతే (ఈ ముక్క గుర్తుంచుకోండి, ఆఖర్లో పనికొస్తుంది). అలా ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద, గుమ్మానికి అటు బావ, ఇటు నేను.

అప్పట్లో మా ఊళ్ళో కంప్యూటరు కొన్న ప్రతివాళ్ళకీ ఒకటే జబ్బు. నాలుగు రోజులు నడిచేది, వైరస్ పట్టేది, పడుకునేది. వెంటనే ఎవరో ఒకరు ఒక సీడీ పట్టుకొచ్చి విండోస్ మళ్ళీ వేసిపెట్టేవారు. ఊరందరికీ ఒకటే సీడీ. అది ఎవరు కొన్నారో, అసలు ఎవరైనా కొన్నారో లేదో ఎవరికీ తెలియదు. దాని మీద స్కెచ్ పెన్నుతో ఓం రాసి ఉండేది. మా బావ దగ్గర కూడా దానికి పుట్టిన పిల్ల సీడీ ఒకటుంది. గది తెరిచిన కొత్తలో ఒక కూల్ డ్రింకు ఇప్పిస్తే చాలు, ఎవరి కంప్యూటర్లోనైనా వేసిపెట్టేవాడు. నా బల్ల దగ్గరికి వచ్చే నలుగురూ అలా అటు తిరిగిపోతుంటే నేను కీబోర్డు దుమ్ము దులుపుకుంటూ కూర్చునేదాన్ని.

ఆ సంగతి నాయనమ్మ చెవిన పడింది. మా కొట్లో ఒక కట్టుబాటుంది. ముక్కూమొహం తెలియనివాడు ఇత్తడి చెంబు తెచ్చి అమ్మజూపితే, నాయనమ్మ మూడే మాటలు అడిగేది: కొన్నదా, ఒకరిచ్చినదా, ఎత్తుకొచ్చినదా? జవాబు తడబడితే చెంబు గుమ్మం దాటకూడదు. ఆవిడ నెమ్మదిగా పక్క గదిలోకొచ్చి బావ చేతిలో సీడీ చూసి అవే మాటలు అడిగింది.

"కొన్నదేట్రా?"

"కాదమ్మమ్మా."

"ఎవులైనా ఇచ్చేరా?"

"నా స్నేహితుడిచ్చేడు."

"ఆడు కొన్నాడా?"

బావ ఫ్యాను వంక చూశాడు. సీడీ ఆ పూటే గుమ్మం దాటి బయటపడింది. నేను లోపల్లోపల పండగ చేసుకున్నాను గానీ, అదే ప్రశ్న రేపు నన్ను కూడా అడుగుతారని అప్పుడు తట్టలేదు.

నా దగ్గరున్నది లినక్స్. కాలేజీ ల్యాబులో మా సార్ ఒకాయన ఇచ్చారు. "ఇది ఉచితం. కాపీ చేసుకో, పదిమందికీ పంచు, లోపల ఎలా ఉందో విప్పి చూసుకో, నచ్చకపోతే మార్చుకో. ఎవరూ ఏమీ అనరు," అన్నారు. కొట్టు పిల్లని కదా, "ఇందులో కిటుకెక్కడుంది సార్?" అని అడిగాను. లేదన్నారు. నమ్మలేక డిగ్రీ అయ్యేదాకా సందు దొరికినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను. చివరికి నన్ను చూస్తే ఆయనే ముందు "లేదమ్మా" అనేవారు. ఇంటికొచ్చి ఆలోచిస్తే నాకు అర్థమైంది ఇది: విండోస్ అనేది సీలు వేసిన నూనె డబ్బా. కంపెనీ పేరుంటుంది, ధర ఉంటుంది, లోపల చూడ్డానికి వీల్లేదు, కానీ ఊరందరూ దాంతోనే వండుతారు కాబట్టి ఎవరింటికెళ్ళినా అదే రుచి. లినక్స్ అనేది గానుగ దగ్గర నిలబడి పట్టించుకున్న నూనె. ఏ నువ్వులు పోశారో కళ్ళారా చూసుకోవచ్చు, వైరస్సుల గొడవ తక్కువ, పాత కంప్యూటర్లో కూడా పరిగెడుతుంది. కానీ గానుగ నూనె ఎలా వాడుకోవాలో ఒకరు పక్కన కూర్చుని చెప్పాలి. పెళ్ళికార్డుల ప్రెస్సాయన వచ్చినప్పుడు ఉన్నమాటే చెప్పాను: మీ తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేరు విండోస్ మీదే నడుస్తుంది, మీరు మాత్రం సీలు డబ్బాయే కొనుక్కోండి, సరైనది కొనుక్కోండి. (చేతికొచ్చిన బేరాన్ని కాలితో తన్నానని బావ వారం రోజులు ఏడిపించాడు.)

మిగతావాళ్ళకి లినక్స్ వేసిస్తానన్నాను. ఎంత అనడిగారు. ఊరికేనన్నాను. అంతే, వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెనక్కి జరిగారు. విత్తనాల కొట్టు మావయ్య అయితే నన్ను జాలిగా చూశాడు.

"ఊరికే అంటే ఏటో ఉన్నాది బుల్లీ."

"ఏటీ లేదు మావయ్యా. ఎవులైనా వాడుకోవచ్చు."

"అది కాదే. డబ్బులెట్టి కొన్నదైతే పాడైనప్పుడు తిట్టుకోడానికి ఒకడుంటాడు. ఊరికే ఒచ్చినదాన్నట్టుకుని ఎవుల్ని తిట్టాల?"

డబ్బులివ్వడమంటే తిట్టే హక్కు కొనుక్కోవడమని ఏ పుస్తకంలోనూ రాయలేదు. బావ బల్ల దగ్గర జనం, నా బల్ల దగ్గర ఈగలు. దసరా దగ్గర పడుతోంది. నాయనమ్మ దగ్గర కూర్చుని మొరపెట్టుకుంటే ఆవిడ వత్తులు చేసుకుంటూ తలెత్తకుండానే చెప్పింది: "దర సెప్పని సరుక్కి మొగం ఉండదే. ముందు దర సెప్పు. తగ్గించడం ఆళ్ళు సూసుకుంటారు."

మర్నాటి నుంచి నేను లినక్స్‌కి ధర పెట్టాను. పదిహేను వందలు. మొదట చిక్కినవాడు టెంటు హౌసు యజమాని. పెళ్ళిళ్ళకి షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిచ్చే మనిషి, బేరంలో మా నాన్నంతవాడు. పదిహేను వందలనగానే ఆయన మొహంలో వెలుగు చూడాలి. "దోపిడీయేటే ఇది," అని లేచాడు. పన్నెండొందలన్నాను. చెప్పులేసుకున్నాడు. వెయ్యన్నాను. మెట్లు దిగాడు. వెనక్కి పిలిచాను, వచ్చాడు. టీ తెప్పించాను, తాగాడు. "మీ నాన్నా నానూ ఒకే బెంచీ" అన్నాడు, అయిదొందలకి దిగాను. "మీ అత్త పెళ్ళికి కుర్చీలు నానే ఏసేను" అన్నాడు, రెండొందలకి దిగాను. ఇద్దరికీ చెమటలు పట్టాయి. చివరికి నేను కళ్ళలో నీళ్ళొక్కటే తక్కువగా, "సరే మావయ్యా, సరుకు ఊరికే పట్టుకెళ్ళండి. ఇంటికొచ్చి ఎక్కించి నేర్పించే కూలి మాత్రం ఇప్పించండి," అన్నాను. కూలి ఎంతని కూడా సరిగ్గా వినలేదాయన. "కాయం" అని బల్ల గుద్ది, ఓడిన బొబ్బిలి యుద్ధాన్ని ఈసారి గెలిచిన దొరలా బజారంతా తిరిగాడు. స్టీలు కొట్టు పిల్ల చేత పదిహేనొందల సరుకు సున్నాకి దింపించానని టీ బడ్డీ దగ్గర, మంగలి షాపు దగ్గర, స్టేషను దగ్గర చెప్పుకున్నాడు.

తర్వాత నా బల్ల దగ్గరికి జనం రాక ఆగలేదు. కంప్యూటరు బాగుకన్నా నన్ను ఓడించడం వాళ్ళకి ముఖ్యం. ఒక్కొక్కళ్ళూ ఒక్కో దారిలో నన్ను సున్నా దాకా లాక్కొచ్చేవారు. విత్తనాల మావయ్య కూడా వచ్చి, సగం పూట బేరమాడి, సున్నాకి దింపి, తృప్తిగా తిట్టి మరీ పట్టుకెళ్ళాడు. కూలి దగ్గర మాత్రం ఎవరూ నోరెత్తేవారు కాదు, గెలిచినవాడికి దయ ఎక్కువ కదా. (సరుకు ఊరికే ఇచ్చి చాకిరీకి డబ్బు పుచ్చుకునే పద్ధతిలోనే పెద్ద పెద్ద కంపెనీలు బతుకుతున్నాయని చాలా ఏళ్ళ తర్వాత ఎక్కడో చదివి, నేను కాస్త ముందే పుట్టానని బాధపడ్డాను.) బావ తన బల్ల మీంచి చూసి చూసి, "ఒలే, సున్నాకి ఇచ్చినదానికి ఇంత నాటకమేటే," అనేవాడు. "నాటకానికే కదా బావా కూలి," అనేదాన్ని.

అలా గది నాదేనని ధీమా పడుతున్న రోజుల్లో వీణల తాత వచ్చారు. పనసమానులోంచి వీణలు చెక్కే మనిషి. ఊరి పొలిమేర దాటితే వాళ్ళ ఇల్లు. దూరాల్నుంచి వచ్చే ఆర్డర్ల కోసం, వీణల ఫొటోలు పంపడం కోసం ఇంట్లో కంప్యూటరు పెట్టుకున్నారు. తెల్లటి పంచె, భుజాన తువ్వాలు, మాట తక్కువ. వచ్చి నా ఎదురుగా కూర్చుని, తువ్వాలు సర్దుకుని చెప్పారు.

"బుల్లీ, నా కంప్యూటరు నన్ను దొంగంటంది."

"ఏటైంది తాతా?"

"తెర నల్లగా అయిపోయి, ఇది అసలైనది కాదు, నువ్వు మోసపోయి ఉంటావని రాస్తంది. మొన్న మద్రాసు నించి వీణ కొనడానికి ఒచ్చినోళ్ళ ముందరే రాసినాది. ఆళ్ళు దాన్ని సూసేరు, తరవాత నన్ను సూసేరు. నా పనస కూడా అసలైనదో కాదో అనుకునుంటారు."

ఎదురు బల్ల దగ్గర బావ ఉన్నట్టుండి రీచార్జి కార్డులు సర్దుకోవడంలో మునిగిపోయాడు. ఓం సీడీ ఆయన ఇంటికి ఎవరి చేతుల మీదుగా వెళ్ళిందో నాకు అర్థమైపోయింది.

"నిజమైనది కావాల తల్లీ. ఎవుడొచ్చినా తలెత్తుకునేది. ఎంతవుతాది?" అన్నారు తాత.

అలవాటు చొప్పున నా నోరు "పదిహేనొందలు తాతా" అంది. అనేసి, ఆయన లేస్తారని, మెట్లు దిగుతారని, టీ తెప్పించాలని సిద్ధంగా కూర్చున్నాను. ఆయన తువ్వాలు కొంగు విప్పి, నోట్లు తీసి, బల్ల మీద పెట్టి, "కాయం," అన్నారు.

మెట్ల చివర ఇంకో మెట్టుందనుకుని కాలు వేస్తే నేల తగిలినట్టయింది. పన్నెండొందలని నేనింకా అననేలేదు. "తాతా, ఆగండి, కొంచెం సూసి..." అంటున్నాను. "నువ్వు దర సెప్పేవు, నానిచ్చేను. రేపొచ్చి ఎక్కించీ," అని ఆయన లేచి వెళ్ళిపోయారు. గుమ్మం పక్కన నాయనమ్మ అంతా వింది. పీట కొంచెం అటు తిప్పుకుంది. అది తిట్టుకన్నా ఎక్కువ.

బావ మాత్రం తేరుకున్నాడు. "టెంటు హౌసాయనకి సున్నా, ముసిలాయనకి పదిహేనొందలు. బజార్లో సెప్పమంటావేటే?"

"సెప్పు. ఆయనింట్లో దొంగ సరుకు ఎవులేసేరో నానూ సెప్తాను."

ఇద్దరం ఎవరి బల్లకి వాళ్ళం తిరిగిపోయాం. కానీ నా మనసు కుదురుగా లేదు. ఊరికే దొరికేదాన్ని అంత ధరకి అంటగట్టానని తెలిస్తే ఇంక ఈ బజార్లో నా మాటకి విలువుండదు. గది సంగతి సరే, మా నాన్న కొట్టుకే మచ్చ. తిరిగి ఇచ్చేద్దామా అంటే కాయమైపోయిన బేరాన్ని వెనక్కి తిప్పిన చరిత్ర మా వంశంలో లేదు. బేరాలు తప్ప ఏమీ రాని నాకు, బేరం లేకుండా దొరికిన డబ్బు చేతిలో నిప్పులా కాలింది.

మర్నాడు వాళ్ళింటికెళ్ళాను. వరండాలో సగం చెక్కిన వీణలు, నేలంతా పసుపు పచ్చటి పనస పొట్టు. కంప్యూటర్లో లినక్స్ ఎక్కించాను, ఫొటోలు ఎలా పంపాలో చూపించాను. అంతా అయ్యాక నోట్లు తీసి ఆయన ముందు పెట్టాను.

"తాతా, దీని దర అంత కాదు. తగ్గించుకోండి."

"కాయమన్నాక తగ్గించడమేటి?"

"వెయ్యి తీసుకోండి పోనీ."

"ఒద్దు."

"సగమైనా తీసుకోండి."

"ఒకటే మాట తల్లీ. నా వీణక్కూడా అంతే."

జీవితంలో ఎదటివాడి డబ్బు తగ్గించడానికి నేను బతిమాలడం, అతను ఒప్పుకోకపోవడం అదే మొదలు, అదే ఆఖరు. ఆయన కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి, ఈ పిల్లకి మతి పోయిందేమోనన్నట్టు చూసింది. ఇంక దాచి లాభం లేదని ఉన్నమాట చెప్పేశాను. "ఇది ఊరికే వస్తాది తాతా. దీనికి దర లేదు. నాకు చాకిరీ కూలొకటిస్తే చాలు."

తాత చేతిలో ఉలి ఆగిపోయింది. "ఊరికే ఒచ్చినదాని వల్లే కదేటే నా పరువు పోనాది. మళ్ళీ ఊరికే ఒచ్చినదే పెట్టేవా?"

అప్పుడు నాయనమ్మ మూడు ప్రశ్నలు గుర్తొచ్చాయి. "ముందుది ఎత్తుకొచ్చినది తాతా. ఇది కాదు. ఇది ఇచ్చినది."

"ఎవులిచ్చేరు?"

"లోకమంతా ఉన్నారు. పని అయ్యాక తీరికున్నప్పుడు తలో ముక్క చేసి, అందరూ వాడుకోండని పెట్టేశారు."

"మొగం తెలీనోళ్ళిచ్చినది ఎలాగ పుచ్చుకోవడం? మీ కొట్లో గిన్ని కొని ఎవులైనా బహుమానం ఇస్తే దాని మీద పేరు కొట్టిస్తారు. దీని మీద ఎవుల పేరున్నాది?"

మెనూలో ఒక మూల నొక్కి, చేసినవాళ్ళ పేర్ల జాబితా తెరిచి చూపించాను. పేర్లు కిందకి కిందకి పోతూనే ఉన్నాయి. ఆయనకి ఇంగ్లీషు రాదు గానీ, కళ్ళజోడు పెట్టుకుని ఆ వరసలన్నీ చివరిదాకా చూశారు. తర్వాత పనస పొట్టు దులుపుకుంటూ అన్నారు: "అలగైతే మంచి సరుకే. అయినా పొరుగోళ్ళు కూరెట్టి పంపిన గిన్ని ఉత్తినే తిప్పి పంపుతామేటి? ఈ డబ్బులు ఆళ్ళకి పంపీ."

ఎవరికని పంపను? నేను అదే అడిగితే ఆయన విసుక్కున్నారు. "డబ్బు కాకపోతే పని పంపు. కూలి నాను కట్టీసేను కదా. సెయ్యాల్సింది నువ్వు. కాయమేనా?"

ఆ మాట అంత కరెక్టుగా నా మీదికి తిరిగొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. కాయమన్నాను.

అదీ, నేను ఆ డబ్బుకి తగ్గ పని చెయ్యడానికి కూర్చున్న కథ. లినక్స్‌లో ఉన్న ఇంగ్లీషు మాటల్ని తెలుగులోకి మార్చే పని చాలా మిగిలి ఉందని మా ల్యాబు సార్ చెప్పారు. ఎక్కడెక్కడో ఉన్న తెలుగువాళ్ళు ఇంటర్నెట్లో కూడి, ఒక్కో మాటకీ వాదించుకుంటూ అది చేస్తున్నారు. నేను వెళ్ళి చేరాను. అక్కడ కూడా బేరాలే. ఒకాయన దస్త్రం అంటే ఇంకొకాయన ఫైలే ఉంచమనేవారు. రద్దుచేయి బదులు "వద్దులే" పెడదామని నేనంటే ఎవరూ ఒప్పుకోలేదు. కొట్లో గిరాకీ లేనప్పుడల్లా అదే పని. మా బావ అటు బల్ల మీంచి మాటలు అందించేవాడు, చాలావరకు రాయడానికి పనికిరానివి.

ఈలోగా తాత మాట తక్కువైనా దాచుకునే మనిషి కాదు కాబట్టి, స్టీలు కొట్టు పిల్ల దగ్గర మంచి సరుకుందనీ, అది లోకమంతా కలిసి ఊరికే ఇచ్చిందనీ కనిపించినవాళ్ళకల్లా చెప్పారు. ఆ మాట టెంటు హౌసుకి చేరింది. ఆయన గాలివానలా గదిలోకొచ్చాడు. ఊరికే వచ్చేదానికి ధర చెప్పానని కోపమేమోననుకుని నేను లేచి నిలబడ్డాను. కాదు.

"మొదట్నించీ సున్నాయేనటే?"

"అవును మావయ్యా."

"మరి నాను తగ్గించినదేటి?" ఆయన నా బల్ల అంచు పట్టుకుని ముందుకి వంగాడు. "ఊరంతా సెప్పుకున్నానే. మా ఆవిడికి కూడా సెప్పేను. సున్నాని సున్నాకి దింపేనా నాను?"

అంతమంది గెలుపు నేను ఒక్కదాన్నే కాజేశానని అప్పుడు తెలిసింది. గుమ్మం దగ్గర్నుంచి నాయనమ్మ పిలిచింది. "ఇలగ రా నాయినా. ఆ గుంట పిల్లతో నీకేటి బేరం. నీకు పెళ్ళి వంటలకి గుండిగలు కావాలన్నావు కాదేటి. కూకో. నాను దర సెప్తాను, నువ్వు నిజంగా తగ్గించు." ఆయన మొహం తుడుచుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోయేదాకా బేరం నడిచింది. చెప్పులేసుకోవడాలు, మెట్లు దిగడాలు, పాత చుట్టరికాలు, అన్నీ అయ్యాయి. ఆఖరికి నాయనమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుని ఓడిపోయింది. ఆయన గుండిగలు ఆటోలో వేసుకుని మళ్ళీ రాజులా వెళ్ళాడు. ఆ బేరంలో నాయనమ్మ నిజంగా నష్టపోయిందో లేదో మా నాన్నక్కూడా ఎప్పటికీ తెలియలేదు. అడిగితే వత్తులు చేసుకునేది.

దసరా నాడు కొట్లో ఆయుధపూజ చేసి, తరాజుకీ నా కంప్యూటరుకీ బావ రీచార్జి ఫోనుకీ వరసగా బొట్లు పెట్టాక, నాన్న తీర్పు చెప్పాడు. "సూసేను. నీ కాడ బేరమాడ్డానికొచ్చినోళ్ళు ఆడి కాడ రీచార్జి సేయించుకుంటన్నారు. ఆడి కాడికి రీచార్జికొచ్చినోళ్ళు నీ కాడ ఆగి బేరం సూత్తన్నారు. ఒకల్ని తీసేస్తే రెండోది పడిపోద్ది. ఇద్దరూ ఉండండి." నేనూ బావా సంతోషంతో ఒకరినొకరు చూసుకునేలోగా, "అద్దె సెరి సగం," అన్నాడు. గది కోసం మేం పోట్లాడుకున్నన్నాళ్ళూ ఆ గది ఊడ్చిందెవరో, కరెంటు కట్టిందెవరో అప్పుడు గుర్తొచ్చి, అసలు బేరం గెలిచింది నాన్నేనని ఇద్దరికీ తెలిసొచ్చింది. నాన్న అడిగాడు: "కాయమేనా?" (గది కోసం కొట్టుకున్న బావతో తర్వాత ఇల్లంతా పంచుకోవాల్సి వచ్చింది. అది వేరే బేరం. అందులో ఎవరు గెలిచారన్నది ఇప్పటికీ తేలలేదు.)

ఇప్పుడు మా గదిలో రెండు బల్లలూ పోయి ఒకటే పెద్ద బల్ల మిగిలింది. బిల్లింగు కంప్యూటర్లో విండోస్, సరైనది, కొన్నది. బ్యాంకు వాళ్ళ పనులకీ పన్నుల పనులకీ అదే సుఖం. కొన్న రోజున షోరూము కుర్రవాణ్ణి కొసరేమిటని అడిగితే వాడు భయపడి రెండు కీచైన్లిచ్చాడు. మూలన ఉన్న పాత కంప్యూటర్లో మాత్రం ఇంకా లినక్సే. తాత లేరు, నాయనమ్మా లేదు. తాతకిచ్చిన మాట ప్రకారం నేను తెలుగు చేసిన మాటల్లో చాలావాటిని తర్వాత వచ్చినవాళ్ళు ఇంకా బాగా మార్చేశారు. అదే మంచిది, విప్పి చూసుకుని మార్చుకోవచ్చని మొదట్లోనే చెప్పారు కదా. ఎవరి కంటా పడకుండా ఒకటి మాత్రం మిగిలిపోయింది. నేను చెరిపెయ్యమన్న ఫైలుని ఆ పాత యంత్రం వెంటనే చెరిపెయ్యదు. ఒక చిన్న పెట్టె తెరిచి అడుగుతుంది: "ఖాయమేనా?" అక్కడ ఒత్తు పెట్టింది నేనే. పుస్తకంలో ఉన్నట్టు ఉండాలని ఆ పాతికేళ్ళ లోపు పిల్ల పట్టుబట్టి, ఆ ఒక్క మాట మీద అందరితో బేరమాడి నెగ్గింది. ఇవాళ అది కనిపించినప్పుడల్లా నేను మాత్రం ఒత్తు లేకుండానే చదువుకుంటాను. చదువుకుని, గుమ్మం పక్కన పీట వంక ఒకసారి చూసి, అవునని నొక్కుతాను.